డెన్వర్ నుంచి బేర్‌టూత్ దాకా: బండి మీద 9 రోజుల ప్లాన్ వేసుకోవడం ఎలా

ఎండాకాలం మొదలయ్యేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, యెల్లోస్టోన్‌కి బండి మీద పోదామనుకుంటున్నా. రోజుకి 500 మైళ్లు వేసుకుంటే నాలుగైదు రోజుల్లో వెళ్లొచ్చేయొచ్చుగా?" డాలస్ నుంచో ఆస్టిన్ నుంచో చేసే కుర్రాళ్లు. అక్కడి హైవేల మీద 500 మైళ్లు నిజంగానే లాగొచ్చు. రాకీ పర్వతాల్లో మాత్రం నేను రోజుకి 250 దాటనివ్వను. అదీ అయిదున్నరకి నిద్ర లేస్తేనే.

మాది తెనాలి. బండి నేర్చుకున్నది నాన్న స్ప్లెండర్ మీద, మలుపులు నేర్చుకున్నది దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు మీద. ఆ పొగరుతోనే ఇక్కడికొచ్చా. మన ఆంధ్రాలో అన్నిటికంటే ఎత్తని చెప్పుకునే అర్మకొండ దాదాపు 1,680 మీటర్లు. నేను పాలు కొనుక్కునే డెన్వర్ ఊరే 1,600 మీటర్ల మీద కూర్చుని ఉంది. అక్కడి నుంచి ఎక్కడం మొదలు.

ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి. కారు లైసెన్సు మీద మోటార్‌సైకిల్ నడపడానికి లేదు, దాని మీద మోటార్‌సైకిల్‌కి "M" ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. వారాంతంలో నేర్పే ఎంఎస్ఎఫ్ (మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్) బేసిక్ కోర్సు చేసేయండి. "పదిహేనేళ్లు హైదరాబాద్‌లో పల్సర్ నడిపాను, నాకెందుకు" అని నేనూ అన్నాను. నెమ్మదిగా యూటర్న్ తిప్పమంటే కాలు కింద పెట్టేశా. మనకి సందుల్లో దూరడం వచ్చు, బండిని కళ్లతో తిప్పడం రాదు.

ఇక అసలు ప్లాన్: డెన్వర్ నుంచి వయోమింగ్‌లోని యెల్లోస్టోన్ పార్కు, దాని పక్కనున్న బేర్‌టూత్ కొండ రోడ్డు చూసి తిరిగి రావడం. నాది ఒక నోట్‌బుక్ పేజీ. నిలువుగా మూడు గీతలు: గంట, ఎత్తు, బంకు. రోజుకో నాలుగైదు వరసలు, అంతే. మైళ్లు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుంటా. మొదటి రోజు పేజీ ఇలా ఉంటుంది: "6:45 ఎస్టెస్ పార్క్, 7,522 అడుగులు, ట్యాంక్ ఫుల్. 8:00 ట్రైల్ రిడ్జ్ పైన, 12,183. 9:30 గ్రాండ్ లేక్, టిఫిన్. 12:00 వాల్డెన్, మళ్లీ ఫుల్. సాయంత్రం సారటోగా."

గంట మొదటి గీతలో ఎందుకంటే, జూలై ఆగస్టుల్లో ఈ కొండల మీద పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంటా రెండుకల్లా ఉరుములు. చెట్టన్నది లేని పన్నెండు వేల అడుగుల మీద పిడుగుకి అందరికంటే ఎత్తుగా కనిపించేది బండి మీద కూర్చున్న మీరే. అందుకని ఆ రోజు దాటాల్సిన పెద్ద కనుమ మధ్యాహ్నం లోపల దాటేయాలి. దానికి తగ్గట్టే ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలో తేలుతుంది. నేను శుక్రవారం ఆఫీసు అవగానే ఎస్టెస్ పార్క్ చేరి పడుకుంటా. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోంచి పోయే ట్రైల్ రిడ్జ్ రోడ్డుకి ఈ మధ్య ఏళ్లలో వేసవిలో టైమ్డ్ ఎంట్రీ పర్మిట్ (ఫలానా గంటకే లోపలికి రానిచ్చే చీటీ) పెడుతున్నారు, కానీ పొద్దున 9 లోపు గేటు దాటేవాళ్లకి అది అక్కర్లేదు. బయల్దేరే ముందు ఆ ఏడాది నిబంధన పార్కు సైట్‌లో చూసుకోండి.

అలాగని చీకట్లో బయల్దేరొద్దు. తెల్లవారుజామున, మునిమాపు వేళ ఎల్క్, జింకలు రోడ్డెక్కుతాయి. ఎల్క్ అంటే మన గేదె సైజు జంతువు, కాళ్లు మాత్రం ఒంటె కాళ్లు. సూర్యుడు పైకొచ్చాకే కిక్, అస్తమించకముందే స్టాండ్.

ఏ నెల? ట్రైల్ రిడ్జ్, బేర్‌టూత్ రెండూ మామూలుగా మే ఆఖర్న తెరుచుకుని అక్టోబర్ మధ్యలో మూసుకుంటాయి. జూన్‌లో రోడ్డు పక్కన మంచు గోడలు చూడ్డానికి బావుంటాయి, కానీ ఆ మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీద పారి రాత్రికి మళ్లీ గడ్డకడతాయి. ఆగస్టు మొదట్లో సౌత్ డకోటాలో స్టర్జిస్ బైకర్ల ర్యాలీ, వయోమింగ్‌లో మోటెల్ గది దొరకదు. నా ఓటు సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు అయిన మరుసటి వారానికి. బడులు తెరిచేస్తారు, జనం పలచబడతారు, ఉరుములూ తగ్గుతాయి. అడవులు తగలబడే పొగ, తొలి మంచు, ఈ రెండింటికీ మాత్రం సిద్ధపడాలి. ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం అందుకే.

బంకు గీత గురించి కొంచెం ఎక్కువే చెప్తా, నాకు బుద్ధి వచ్చింది అక్కడే గనక. (ఇక్కడందరూ గ్యాస్ స్టేషన్ అంటారు, నాకింకా బంకే.) నాది సుజుకి వీ-స్ట్రామ్ 650. ట్యాంకులో 5.3 గ్యాలన్లు పడుతుంది, గ్యాలన్‌కి 50 మైళ్లిస్తుంది. కాగితం మీద 250 దాటాలి. ఒకసారి వాల్డెన్‌లో నింపి, సారటోగాలో పడుకుని, పొద్దున రాలిన్స్ బంకులో ఆర్‌వీల (ఇల్లు లాంటి పెద్ద బళ్ల) వరస చూసి "సగం ఉందిగా" అని వదిలేశా. అక్కడి నుంచి ల్యాండర్ 125 మైళ్లు. మడ్డీ గ్యాప్ దగ్గర రోడ్డు పడమటికి తిరిగింది, గాలి ఎదురైంది. వయోమింగ్ గాలి గురించి విన్నవాళ్లు నవ్వుతారు; నేను నవ్వే స్థితిలో లేను. బండి ఒకవైపు వాల్చి పట్టుకుంటే తిన్నగా పోతోంది. మైలేజీ 38కి పడిపోయింది. స్వీట్‌వాటర్ స్టేషన్ రెస్ట్ ఏరియా చేరేసరికి పెట్రోలు మీటరులో ఆఖరి గీత టపటపా కొట్టుకుంటోంది, ల్యాండర్ ఇంకా 40 మైళ్లు. గంట కూర్చున్నాక ఒక పెద్దాయన పికప్ ఆపి, వెనకున్న డబ్బాలోంచి గ్యాలన్ పోశాడు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు. "రాలిన్స్‌లో ఎందుకు నింపలేదు?" అని మాత్రం అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి నాది ఒకటే లెక్క: కాగితం మీది మైలేజీలో మూడోవంతు గాలికి వదిలేయాలి, ట్యాంకు సగం కాగానే కనిపించిన బంకులో ఆగాలి.

ఇంకోటి, ఈ కొండ రాష్ట్రాల్లో చాలాచోట్ల "రెగ్యులర్" గ్రేడు పెట్రోలు అంటే 85 ఆక్టేన్. మిగతా అమెరికాలో 87. కార్బురేటర్ల కాలంలో ఎత్తు మీద అది చెల్లింది. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లకి మాన్యువల్‌లో 87 అని ఉంటే ఇక్కడ మధ్య గన్ను తీసుకోవాలి, అలవాటుగా ఎడమవైపు చివరిది కాదు. ఎత్తు పెరిగే కొద్దీ బలం కూడా తగ్గుతుంది, వెయ్యి అడుగులకి దాదాపు 3 శాతం. చెన్నైలో పుట్టిన హిమాలయన్ 411 తెచ్చుకున్నాడు నా స్నేహితుడు. 24 గుర్రాల బండి, ట్రైల్ రిడ్జ్ పైన ఓ పదహారు గుర్రాలు మిగిలాయేమో. మూడో గేరులో పాడుకుంటూ వచ్చాడు, నాకంటే హాయిగా. పెద్ద బండి కొనాలని ఆగిపోకండి.

బట్టలు: వెయ్యి అడుగులకి మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది మీకే తెలుస్తుంది. కింద 60 ఉంటే కనుమ మీద 45, దానికి 50 మైళ్ల వేగం గాలి. వాన కోటు చలికి కూడా పనికొస్తుంది, అది పెట్టె అడుగున కాకుండా పైన ఉండాలి. చేతి తొడుగులు రెండు జతలు. ఈ రాష్ట్రాల్లో పెద్దవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. చట్టం అక్కర్లేదన్నంత మాత్రాన తలకాయ మారదు. ఆగిన కార్ల మధ్య నుంచి ముందుకెళ్లడం కొలరాడోలో 2024 నుంచి, మోంటానాలో 2021 నుంచి కొన్ని షరతులతో ఒప్పుకుంటున్నారు. వయోమింగ్‌లో ఒప్పుకోరు, హైదరాబాద్ అలవాటు అక్కడ చూపించొద్దు.

రోడ్డు మీద పశువులు దాటకుండా పరిచిన ఇనుప కమ్మీలు, క్యాటిల్ గార్డ్‌లు, వస్తాయి. తిన్నగా, బండి నిలువుగా, బ్రేకు ముట్టుకోకుండా దాటేయండి. పగుళ్లకి పూసిన తారు ఎండకి మెత్తబడి మలుపులో టైరుని జరుపుతుంది. యెల్లోస్టోన్‌లో బైసన్ (అమెరికా అడవిదున్న) రోడ్డు మీద నిలబడితే ఆపేయండి, హారన్ కొట్టొద్దు. 25 గజాల దూరం నిబంధన. అది మీ వైపే నడుస్తూ వస్తుంటే కారులో ఉన్నవాళ్లు అద్దాలెత్తుకుంటారు, మనకి ఎత్తడానికేం లేదు. అందుకే నేను ముందు ఒక పెద్ద వ్యాన్‌ని ఉంచుకుని దాని వెనకే పోతా.

తిండి దగ్గర తెలుగువాడికి పెద్ద తంటా. మొదటిసారి క్యాంప్ స్టవ్ మీద సోనామసూరి వండా. 8,000 అడుగుల మీద నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. బుడగలొస్తూనే ఉన్నాయి, మెతుకు మాత్రం పలుకు వదల్లేదు, గ్యాస్ డబ్బా అయిపోయింది. ఇప్పుడు అటుకులు. వేడినీళ్లు చల్లి, కారప్పొడి, నిమ్మకాయ ఉప్పు కలిపితే పది నిమిషాల్లో భోజనం. అయితే ఆ కారప్పొడి, ఆవకాయ, టూత్‌పేస్టుతో సహా వాసనొచ్చేదేదీ గుడారంలో ఉంచకూడదు. అన్నీ ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప బేర్ బాక్స్‌లోకే. యెల్లోస్టోన్ పక్కనున్న కుక్ సిటీ దగ్గరి క్యాంప్‌గ్రౌండ్లలో గ్రిజ్లీ ఎలుగుబంట్ల వల్ల గుడారాలే వేయనివ్వరు. అక్కడ మోటెల్ గది ముందే తీసుకోండి.

పార్కులకి విడివిడిగా కట్టే బదులు ఏడాది పాస్ మేలు. 2026 నుంచి ఇక్కడ ఉండేవాళ్లకి 80 డాలర్లు, బయటి దేశం నుంచి వచ్చేవాళ్లకి 250. ఒక పాస్ మీద రెండు మోటార్‌సైకిళ్లు వెళ్లొచ్చు.

నా దారి: సారటోగా, ల్యాండర్ మీదుగా డుబోయిస్, టోగొటీ కనుమ దిగుతుంటే ఎదురుగా టీటన్ కొండల పళ్లవరస, యెల్లోస్టోన్‌లో రెండు రాత్రులు, లామార్ లోయ దాటి కుక్ సిటీ. ఆరో రోజు పొద్దున బేర్‌టూత్. రెడ్ లాడ్జ్ దాకా మొత్తం 70 మైళ్లు కూడా లేదు, ఆ రోజుకి ఇంకేం పెట్టుకోను. 10,947 అడుగుల దగ్గర ఇంజిన్ ఆపి కూర్చుంటా, చల్లబడే సైలెన్సర్ టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. గాలి లేని రోజు ఇంకో చప్పుడుండదు. ఎత్తుకి తలనొప్పి మొదలైతే నీళ్లు తాగి దిగిపోవడమే, మాత్ర వేసుకుని కూర్చోవడం కాదు.

తిరుగు దారి 14ఏ హైవే మీదుగా బిగ్‌హార్న్ కొండలెక్కి షెరిడాన్, బఫెలో, అక్కడి నుంచి టెన్ స్లీప్ లోయ దిగి థర్మోపొలిస్. అక్కడ ప్రభుత్వ స్నానశాలలో 104 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీటి ఊట, డబ్బులు తీసుకోరు, 20 నిమిషాలకి లేపేస్తారు. ఎనిమిది రోజుల నడుము నొప్పికి ఆ 20 నిమిషాలు చాలు. సాయంత్రం క్యాస్పర్‌లో బండి వేడిగా ఉండగానే చెయిన్‌కి నూనె పెట్టి పడుకుంటా. ఆఖరి రోజు ఐ-25 హైవే మీద 280 మైళ్లు, చూడ్డానికేమీ లేదు. అయినా పొద్దున ఏడుకే బయల్దేరతా, డెన్వర్ వడగళ్లు కూడా మధ్యాహ్నం డ్యూటీయే.