గూఢచారి కథకు మరపురాని విషాదాంతం రాయడం ఎలా

యుద్ధరంగంలో సైనికుడు మరణిస్తే అతని కోసం ఏడ్చేవారు కథలోనే ఉంటారు. తల్లి ఉంటుంది, తోటి సైనికులుంటారు, జెండా కప్పిన శవపేటిక ఉంటుంది, ప్రేక్షకుడు ఆ దుఃఖంలో తన వంతు పంచుకొని కాస్త తేలికపడిన మనసుతో బయటికి వస్తాడు. మారుపేరుతో శత్రువుల మధ్య బతికి, ఆ పేరుతోనే నేలకొరిగిన గూఢచారికి ఈ ఓదార్పు దక్కదు. ముఠావాళ్లు అతన్ని ద్రోహి అంటారు, సొంత శాఖవాళ్లు నేరస్థుడనుకుంటారు, నిజం మొత్తం తెలిసినవాడు ప్రేక్షకుడొక్కడే. తనకు మాత్రమే తెలిసిన అన్యాయాన్ని ఏ సాక్షీ అంత సులువుగా మరచిపోలేడు. ఇటువంటి కథ రాయబూనిన స్క్రీన్‌ప్లే రచయిత మరణ సన్నివేశం జోలికి వెళ్లకముందే ఈ సాక్షిని సిద్ధం చేసుకోవాలి.

అందుకు మొదటగా, కథానాయకుడు నిజానికి ఎవరో ఎవరెవరికి తెలుసో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ జాబితా ఎంత చిన్నదైతే అంత మంచిది. కథ సాగేకొద్దీ అందులోని పేర్లు ఒక్కొక్కటిగా చెరిగిపోవాలి. 2002లో వచ్చిన హాంకాంగ్ చిత్రం ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ ఈ పనిని ఎంతో శ్రద్ధగా చేసింది. ముఠాలో ఏళ్ల తరబడి దాగి ఉన్న పోలీసు ఎవరో పై అధికారి ఒక్కడికే తెలుసు. ఆయనను మేడ మీది నుంచి తోసేస్తారు. ఆ తరువాత మిగిలిన ఆధారం కంప్యూటర్‌లోని ఒక ఫైలు. పోలీసు శాఖలో చొరబడిన ముఠా మనిషి దానిని కూడా చెరిపేస్తాడు. కథానాయకుడు లిఫ్టులో తూటాకు బలి కావడానికి ముందే అతని అసలు ఉనికి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చైనా ప్రధాన భూభాగం కోసం ఇదే చిత్రానికి మరో ముగింపు కూడా తీశారు. అందులో లిఫ్టు నుంచి బయటికి వచ్చిన, పోలీసు శాఖలోని ఆ ద్రోహిని పోలీసులు అక్కడికక్కడే అరెస్టు చేస్తారు. రెండింటిలోనూ కథానాయకుడు మరణిస్తాడు, అయినా ద్రోహి పోలీసుగానే మిగిలిపోయే ముగింపే బలమైనదని నేను నమ్ముతాను. శిక్ష పడగానే ప్రేక్షకుడి భుజం మీది బరువు దిగిపోతుంది.

రెండో పనికి ఎక్కువ పేజీలు, ఎక్కువ ఓపిక కావాలి. మారువేషంలో ఉండగా ఏర్పడిన బంధాల్లో కనీసం ఒకటి నిజమైనదై ఉండాలి. శత్రువులందరినీ రాక్షసులుగా చిత్రిస్తే గూఢచారి పని సులువవుతుంది, విషాదం మాత్రం పుట్టదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఉద్యోగి జోసెఫ్ పిస్టోన్ 1976 నుంచి 1981 వరకు న్యూయార్క్‌లోని మాఫియా ముఠాలో మారుపేరుతో గడిపిన జీవితం ఆధారంగా 1997లో ‘డానీ బ్రాస్కో’ అనే చిత్రం వచ్చింది. అందులో అతణ్ణి నమ్మి, అతని కోసం పూచీ పడిన వయసు మళ్లిన ముఠా సభ్యుడు, నిజం బయటపడ్డాక తనకు ముఠా పిలుపు రాగానే, అది చావు పిలుపేనని తెలిసి, ఒంటి మీది విలువైన వస్తువులు తీసి, భార్యకు దొరికేలా సొరుగులో ఉంచి బయలుదేరుతాడు. గూఢచారికేమో ఒక పతకం, 500 డాలర్ల చెక్కు అందుతాయి. కథానాయకుడు ప్రాణాలతోనే ఉన్నాడు. అయినా ఆ తెరిచిన సొరుగు ప్రేక్షకుడి మనసులోంచి పోదు. విషాదాంతమంటే కథానాయకుణ్ణి చంపి తీరడమేనన్న అభిప్రాయం ఉన్నవారు ఈ ముగింపును జాగ్రత్తగా గమనించాలి.

చంపవలసే వస్తే, అంతకుముందు అతనికి తప్పించుకునే దారి ఒకటి చూపించండి. దారిలేక చచ్చినవాడి మీద జాలి కలుగుతుంది. దారి కనబడుతున్నా దానిని వదులుకున్నవాడు మనల్ని వెంటాడతాడు. 1965 నాటి ‘ద స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ద కోల్డ్’ చిత్రంలో కథానాయకుడు బెర్లిన్ గోడ మీద ఉండి, అటు దూకితే బతుకుతానని తెలిసి కూడా, తన వెంట వచ్చిన యువతి కాల్పుల్లో పడిపోయిన వైపే దిగి ప్రాణం వదులుతాడు. సొంత సంస్థే తనను పావుగా వాడుకుందని అతనికి అప్పటికే తెలుసు. ఇన్నాళ్లూ ఆదేశాల ప్రకారం నడిచిన మనిషి చివరికి తనకోసం తాను తీసుకున్న నిర్ణయం అది, అందుకే అతని అసలు మనిషితనం ఆ ఒక్క క్షణంలో బయటపడుతుంది.

మరణాన్ని మాత్రం క్లుప్తంగా రాయండి. సుదీర్ఘమైన చివరి మాటలు వద్దు.

ఆ తరువాత మిగిలే వస్తువు గురించి ఆలోచించండి. సిరియా రాజధాని దమాస్కస్‌లో కమెల్ అమీన్ థాబెత్ అనే పేరుతో బతికిన ఇజ్రాయెల్ గూఢచారి ఎలీ కోహెన్‌ను 1965 మే 18న బహిరంగంగా ఉరితీశారు. భౌతికకాయం కోసం కుటుంబం దశాబ్దాలపాటు ఎదురుచూసింది, 2018లో ఆయన చేతి గడియారం మాత్రం తిరిగి వచ్చింది. సినిమాలోనూ అటువంటి వస్తువు ఒకటి, దాని విలువ తెలియని చేతుల్లో పడితే, పది పేజీల స్మారక ప్రసంగం చేయలేని పని చేస్తుంది.

రాతప్రతి పూర్తయ్యాక, మరణానంతరం వచ్చే సన్మానాలు, వివరణలు ఉన్న పేజీలను తీసేసి, కథ తెలియని ఒక మిత్రుడికి ఇవ్వండి. చదవడం ముగించి ‘ఇంతకీ ఆ సంగతి వాళ్లమ్మకు ఎవరైనా చెప్పారా?’ అని అతను అడిగితే ఆ పేజీలను తిరిగి చేర్చకండి. ఏమీ అడగకపోతే ముగింపును ముట్టుకోకుండా, మొదట్లో మీరు రాసుకున్న ఆ పేర్ల జాబితా దగ్గరికి తిరిగి వెళ్లండి.