పాత సందూగ బాగుచేశారా? తోటివాళ్లకు ఇలా చూపించండి

నల్లగొండ, పాలమూరు, వనపర్తి, ఎటు పోయినా పాత పెంకుటిళ్లు తీసేసి స్లాబులు వేసుకుంటున్నారు. ఆ ఇళ్లలోంచి టేకు దర్వాజలు, సందూగలు (మూత ఉన్న చెక్క పెట్టెలు), ఇత్తడి గంగాళాలు, అటక మీద మూటగట్టిన చీరలు బయటపడుతున్నాయి. వాటిని పారేయనివ్వకుండా తెచ్చుకుని ఆదివారాలు కూర్చుని బాగుచేసుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. చిక్కంతా చూపించే దగ్గరే. మెరిసిపోతున్న ఫోటో ఒకటి పంపిస్తారు, అందరూ "సూపర్ అన్నా" అంటారు, అక్కడితో సరి. ఇంట్లో అలాంటి సందూగే ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చున్న మనిషికి ఆ ఫోటోలో ఏం దొరికింది? ఆ మనిషిని మనసులో పెట్టుకుని చూపించండి, నేను చెప్పేదంతా అందుకే.

వస్తువు ఇంటికి రాగానే, దుమ్ము కూడా దులపకముందే ఫోటోలు తీయండి. పని మొదలుపెట్టాక ఆ రూపం మళ్లీ రాదు. ఫ్లాష్ వద్దు, ఇత్తడి మీద అది తెల్లటి మచ్చలా పడుతుంది తప్ప ఇంకేమీ కనిపించనివ్వదు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా తిప్పి తీస్తే పగుళ్లు, ఉలి దెబ్బలు, చిత్రిక పట్టిన జాడలు అన్నీ లేచి కనిపిస్తాయి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. మూత తెరిచి లోపలా, తిరగేసి అడుగునా, మూలల్లో పలకలు ఒకదాంట్లో ఒకటి కూర్చున్న చోటా తప్పకుండా తీయండి. ఆ మూలల దగ్గర పరీక్షగా చూస్తే, పలకలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునేలా అంచుల్లో పళ్లు కోయడానికి ముందు వడ్రంగి కొలత కోసం గీసుకున్న సన్నటి గీత ఇంకా కనిపిస్తుంటుంది, దానికో క్లోజప్ తీయండి. చేసే పని తెలిసినవాళ్లు ముందు వెతికేది అదే. పని అయ్యాక మళ్లీ అదే గోడ ముందు, అదే వేళకు తీస్తే తేడా నిజంగా తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

తర్వాత, వాడినవన్నీ పేర్లతో, నంబర్లతో చెప్పాలి. "సాండ్ పేపర్ కొట్టి పాలిష్ వేశాను" అంటే అవతలివాళ్లకు ఏమీ చెప్పనట్టే. మొదట 80 నంబర్, తర్వాత 120, చివరికి 220, మూడూ చెక్కలో గీతలు ఎటు పోతే అటే రుద్దాను, లక్క పాలిష్ పలచగా ఇన్ని కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య ఇంతసేపు ఆరనిచ్చాను అని చెప్తే అదే పనిని రేపు అచ్చంపేటలో ఇంకొకరు చేసుకోగలరు. ఏ నెలలో చేశారో కూడా చెప్పండి, ఇది దాదాపు ఎవరూ చెప్పరు. మన దగ్గర మే ఎండలకు చెక్క ముడుచుకుని పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి, అప్పుడు లప్పం దట్టించి నింపేస్తే వానలు పడ్డాక చెక్క ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి నెట్టేస్తుంది.

ప్రమాదం ఉన్న చోట దాచకుండా, ఇంకా గట్టిగా చెప్పాలి. ఇంటి పెయింట్లలో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత దర్వాజల మీద పొరలుపొరలుగా ఉన్న ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండొచ్చనుకునే పని చేయాలి. పొడిగా రుద్దొద్దు, తడి చేసి రుద్దాలి, మంచి మాస్క్ ఉండాలి, పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. అవిసె నూనె పట్టించేవాళ్లు ఇంకో సంగతి చెప్పాలి. ఆ నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలకు పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పెట్టాలి. మీ సందూగ ఎంత బాగా వచ్చిందో చెప్పి ఈ ముక్క మరిచిపోతే ఎవరింట్లోనో నిప్పు పుట్టొచ్చు.

ఇత్తడి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చింతపండు అందరికీ తెలిసిందే. మన బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే తెల్ల మచ్చలు పడతాయి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయాలి. పులుపు వండే గిన్నె అయితే లోపల కళాయి (తగరం పూత) ఉందో పోయిందో చూసి చెప్పండి. పాత విగ్రహాలు, శిల్పాలు మాత్రం రుద్దకండి. వందేళ్లు దాటిన అలాంటివి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని రిజిస్టర్ చేయించాలి.

బట్ట అయితే రెండు వైపులా చూపించాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిన బట్టకు వెనక వెలిసినట్టు ఉంటుంది. వెనక ఫోటో చూస్తే ఏదేంటో అర్థమవుతుంది, మీరు రఫు చేసిన చోటు ఎంత నీటుగా వచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, ఆ రెండూ కలిసే చోట ఏం చేశారన్నదే అందరికీ కావలసింది, ఆ బెత్తెడు మేర మీద ఎక్కువసేపు మాట్లాడండి. ఉతికే ముందు తడి తెల్లగుడ్డను మూలన అద్ది రంగు దిగుతుందో లేదో చూశారా, అదీ చెప్పండి. పుట్టపాక తేలియా రుమాల్‌లో నూలును నూనె, బూడిద కలిపి నానబెడతారు, ఆ నూనె వాసన దాని గుణమే. వాసన పోగొట్టాలని సబ్బు పెట్టి రుద్దేవాళ్లకు ఈ మాట తప్పక చెప్పాలి.

వస్తువును పట్టుకుని ఎవరింటికైనా వెళ్తుంటే ముందు చెక్కను తొలిచే పురుగు సంగతి చూసుకోండి. సందూగ కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు కదపకుండా ఉంచండి, దాని మీద కొత్తగా సన్నటి పిండి రాలితే పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటిదాన్ని ఇంకొకరి ఇంటికి తీసుకెళ్లడం అసలు మంచిది కాదు, ఫోటోలతోనే సరిపెట్టండి.

ఎవరు చేసిన పని వాళ్ల పేరు మీదే ఉండాలి. విరిగిన కాలు వడ్రంగి చేసిచ్చాడా, కళాయి వేరేవాళ్లు వేశారా, చెప్పండి, దాంతో మీ కష్టం ఏమీ తగ్గదు, పైగా వాళ్లకు ఇంకో నాలుగు పనులు దొరుకుతాయి. నేత కార్మికుడి మగ్గం మీద ఉన్న కొత్త డిజైన్‌ను మాత్రం ఆయన్ని అడగకుండా ఫోటో తీసి నలుగురికీ పంపొద్దు, అది ఆయన బతుకుతెరువు.

చివర్లో "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. అలాకాకుండా "ఈ మడతబందు తిరిగేటప్పుడు చెక్కకు రాసుకుంటోంది, కింద సన్న రేకు ముక్క పెట్టనా, చెక్కనే కాస్త చెక్కనా?" అని అడిగి చూడండి, తెలిసినవాళ్లు పదిమంది ముందుకొస్తారు. కలుసుకునేటప్పుడు మిగిలిన సామాను కూడా వెంట తీసుకెళ్లండి. పాత మేకులు, గొళ్లేలు, ఒంటరిగా మిగిలిపోయిన మడతబందు, ఇవి ఇప్పుడు షాపుల్లో అడిగితే దొరకవు, ఎదుటివాళ్ల డబ్బాలో మాత్రం జత దొరకొచ్చు.