రాడార్ బొమ్మతో తీరం లోతు లెక్కగట్టే ముందు

ముందు ఒక్క మాట: రాడార్ నీళ్లలోకి చూడదు. ఐరోపా రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తరంగం 5.6 సెంటీమీటర్లు, అది నీటి పైపొరనే తాకి తిరిగొస్తుంది. మనం కొలిచేది అలల మధ్య దూరం. 12 సెకన్లకోసారి వచ్చే అలల మధ్య దూరం లోతు నీళ్లలో సుమారు 225 మీటర్లు ఉంటుంది, 10 మీటర్ల లోతుకొచ్చేసరికి సుమారు 113కి కుదించుకుపోతుంది. లోతు తెలిసేది ఆ కుదింపు నుంచే.

కాబట్టి అల ఉందా అని మొదట చూడండి. కాకినాడ లోపలి నీళ్లకు హోప్ ఐలాండ్ అడ్డం, అక్కడ ఈ పద్ధతి పెట్టుకోకండి. విశాఖ తీరం నయం.

అల దిశ చూడకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. ఉపగ్రహం దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతుంది. మన దక్షిణపు అలలూ ఆ దారినే వస్తే బొమ్మలో అలల చారలు అలుక్కుపోతాయి. బొమ్మను పెద్దది చేసి, చారలు కంటికి విడివిడిగా కనిపిస్తేనే ముందుకెళ్లండి.

గాలి బొత్తిగా లేని రోజు బొమ్మ నల్లగా వస్తుంది, వదిలేయండి.

అల వ్యవధి, అంటే ఒక అల తర్వాత మరొకటి రావడానికి పట్టే సమయం, అదే బొమ్మలో లోతు నీళ్ల దగ్గరి అలల దూరం నుంచి తీసుకోండి. బొమ్మ తీసిన సమయానికి పోటు ఎంతుందో రాసిపెట్టుకుని, వచ్చిన లోతులోంచి ఆ ఎత్తు తీసేయండి. వచ్చిన అంకెను పడవ నుంచి కొలిచిన లోతుతో సరిచూడకుండా ఏ జాలరికీ చెప్పకండి.