సర్టిఫికెట్ పక్కన పెట్టి, ముందు ఫ్రేమ్ విప్పించండి

పోయిన నెల ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉండే ఒక కుర్రాడు నా దగ్గరికి ఒక ఫ్రేమ్ పట్టుకొచ్చాడు. ‘రీచ్ ఫర్ ది స్కై’ సినిమా బొమ్మ, దాని మీద నల్ల మార్కర్‌తో డగ్లస్ బేడర్ సంతకం. 1931లో విమానం కూలి రెండు కాళ్లూ పోగొట్టుకుని, 1940లో మళ్లీ యుద్ధవిమానం నడిపిన బ్రిటిష్ పైలట్ బేడర్. ఆయన జీవితమే 1956లో ఆ సినిమాగా వచ్చింది. కుర్రాడు రెండు నెలలు కూడబెట్టిన డబ్బంతా పెట్టి కొన్నాడు. బంగారు రంగు సీలు, హోలోగ్రామ్, సీరియల్ నంబరు ఉన్న సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

వెనక మేకులు తీసి విప్పాం. మౌంట్ అట్ట, అంటే ఫ్రేమ్ లోపల బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, దాని కింద దాక్కున్న అంచు మీద డీవీడీ లోగో ఉంది. డీవీడీలు మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1996లో. బేడర్ చనిపోయింది 1982లో.

సర్టిఫికెట్ నమ్మి వస్తువును చూడకపోవడం. ఈ ఒక్క తప్పు వల్ల మునిగిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఈ జాగ్రత్తలు రాస్తున్నది దాని గురించే. ధర మరీ తక్కువైతే అనుమానించండి, అమ్మేవాడి రేటింగ్ చూడండి లాంటివి మీకు తెలిసినవే, వాటిని వదిలేస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, సెప్టెంబర్ 15 బాటిల్ ఆఫ్ బ్రిటన్ డే, అంటే 1940లో జర్మన్ విమానాలతో బ్రిటిష్ వాయుసేన చేసిన యుద్ధాన్ని గుర్తుచేసుకునే రోజు. ఏటా ఆ రోజు దగ్గర్లో ఇలాంటి వస్తువులు ఎక్కువగా బయటికి వస్తాయి. పైగా ఆ యుద్ధంలో పోరాడిన దాదాపు 3,000 మందిలో చివరివాడు జాన్ హెమింగ్‌వే 2025 మార్చిలో, 105 ఏళ్ల వయసులో పోయారు. ఇక వాళ్లలో ఎవరి చేతి నుంచీ కొత్త సంతకం రాదు. కానీ అడిగేవాళ్లు తగ్గలేదు. ఆ ఖాళీలోకే నకిలీలు వస్తాయి.

తేదీలు

వస్తువు పుట్టిన ఏడు, మనిషి పోయిన ఏడు. ఈ రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. అయిదు నిమిషాల పని.

1969లో వచ్చిన ‘బాటిల్ ఆఫ్ బ్రిటన్’ సినిమానే తీసుకుందాం. ఆ యుద్ధంలో పోరాడిన పైలట్లు, బ్రిటిష్ వైపు నుంచి రాబర్ట్ స్టాన్‌ఫర్డ్ టక్, జింజర్ లేసీ, జర్మన్ల వైపు నుంచి అడాల్ఫ్ గాలండ్ ఆ సినిమాకు సాంకేతిక సలహాదారులుగా పనిచేశారు. అందుకే ఆ ముగ్గురి సంతకాలున్న పోస్టర్ అంటే సంతకాలు సేకరించే మనలాంటివాళ్లకు ప్రాణం. టక్ 1987లో, లేసీ 1989లో, గాలండ్ 1996 ఫిబ్రవరిలో పోయారు. డీవీడీ వచ్చింది అదే ఏడాది నవంబర్‌లో. అంటే ఈ ముగ్గురిలో ఎవరి సంతకమూ డీవీడీ కవర్ మీద ఉండే వీలే లేదు. 1940 యుద్ధంలో ఫైటర్ కమాండ్‌ను, అంటే బ్రిటిష్ యుద్ధవిమానాల విభాగాన్ని, నడిపిన డౌడింగ్ విషయం ఇంకా కష్టం. సినిమా విడుదలైంది 1969 సెప్టెంబర్‌లో, ఆయన పోయింది 1970 ఫిబ్రవరిలో. విడుదలయ్యాక మిగిలింది అయిదు నెలలే. ఆ పోస్టర్ మీద ఆయన సంతకం ఉందని ఎవరైనా అంటే, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చేయించారో గట్టిగా అడగాలి.

కాగితం

బ్రిటన్ థియేటర్లలో పెట్టే సినిమా పోస్టర్‌ను ‘క్వాడ్’ అంటారు. అది అడ్డంగా ఉంటుంది, కొలత 30 ఇంటూ 40 అంగుళాలు. ఆ రోజుల్లో వాటిని ఎక్కువగా మడతపెట్టే థియేటర్లకు పంపేవారు. కాబట్టి మడత గీతలు ఉంటే భయపడకండి, మంచిదే. ఒక్క మడత కూడా లేకుండా కొత్తగా మెరుస్తుంటే, లేదా కొలత 24 ఇంటూ 36 ఉంటే, అది తర్వాత వేసిన నకలు కావచ్చు. నకలు మీద కూడా నిజమైన సంతకం ఉండొచ్చు, కానీ అప్పుడు ఆ నకలు అచ్చయిన ఏడు కావాలి. మళ్లీ అదే లెక్క: వస్తువు పుట్టిన ఏడు, మనిషి పోయిన ఏడు.

సిరా

నగల షాపువాళ్లు వాడే పది రెట్ల భూతద్దం కొనుక్కోండి. చాలా చవక. అచ్చువేసిన సంతకం దాని కింద చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. పెన్నుతో చేసింది ఒకే గీతగా కనిపిస్తుంది. బాల్‌పెన్ అయితే కాగితం మీద చిన్న గాడి కూడా పడుతుంది, ఏటవాలుగా టార్చ్ వేస్తే తెలుస్తుంది. విమానాల బొమ్మల ప్రింట్లలో అచ్చు సంతకాలు మామూలే. వాటిని చేతి సంతకాలని అమ్మడమే మోసం. మొదట్లో నేనూ అలాంటిది ఒకటి కొన్నాను. దానికీ సర్టిఫికెట్ ఉంది.

ఇక మిగతావి వరసగా చెప్తాను:

- ఫ్రేమ్ విప్పి తీసిన ఫొటోలు అడగండి. వెనక వైపు, నాలుగు అంచులు, నాలుగు మూలలు. ఫ్రేమ్ పాడవుతుందని వంక చెబితే అక్కడే ఆపేయండి.
- సినిమా బొమ్మ పక్కన విడిగా కత్తిరించిన సంతకం అంటించి ఉంటే, అది ఏదో ఉత్తరంలోంచో, సందర్శకుల పుస్తకంలోంచో వచ్చింది. సంతకం నిజమే కావచ్చు, కానీ అది సంతకం చేసిన పోస్టర్ కాదు. ఆ ధర ఇవ్వకండి.
- ముగ్గురు నలుగురి సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒకే వాలుతో ఉంటే వద్దు.
- సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరు? అమ్మేవాడే ఇచ్చుకుంటే అది రసీదు మాత్రమే.
- సంతకం ఎలా దొరికిందో కథ చెబితే, ఆ కథకు ఒక ఉత్తరమో, ఫొటోనో, పాత వేలం రసీదో చూపించమనండి.
- పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద డబ్బు పంపొద్దు. అలా పంపితే కొనుగోలుదారుడి రక్షణ ఉండదు.
- వేలంలో పాడేముందు బయ్యర్స్ ప్రీమియం, అంటే పాడిన ధర మీద వేలం సంస్థ అదనంగా తీసుకునే రుసుము, ఎంతో చదవండి. పాతిక శాతం దాటొచ్చు.
- లామినేషన్ చేయించొద్దు. ఎప్పటికీ.
- సెల్లోటేప్ వేయొద్దు.
- మార్కర్ సంతకం ఎండకు వెలిసిపోతుంది. కిటికీ ఎదురుగా తగిలించొద్దు.
- విశాఖలోనో, కాకినాడలోనో ఉన్న ఇంటికి పంపుతున్నారా? అద్దం సరాసరి కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ పెట్టించండి. సముద్రపు తేమకు నిగనిగలాడే (గ్లాసీ) ఫొటో కాగితం అద్దానికి అతుక్కుపోతే, సంతకం అద్దంతో పాటే ఊడొస్తుంది.
- ‘ఇంకొకరు అడుగుతున్నారు, ఈ రాత్రే చెప్పండి’ అంటే వదిలేయండి.
- ఎంత టెన్షన్ పెట్టినా, ఎంత అందమైన సర్టిఫికెట్ చూపించినా సరే, ఫ్రేమ్ విప్పిన ఫొటో వచ్చి, ఆ రెండు ఏళ్లూ సరిపోయేదాకా ఒక్క పౌండు కూడా కట్టొద్దు.