గట్టెక్కలేని స్కూటర్‌కు తేలిక రోలర్లు

రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు మోసే మా గేర్లులేని స్కూటర్, కాలువగట్టు ఎక్కేటప్పుడు ఇంజన్ పుంజుకోకముందే పై నిష్పత్తికి (పై గేరు లాంటి స్థితికి) జారిపోయి నీరసించేది. బెల్టు, క్లచ్ షూలు బాగానే ఉన్నందున ఆ నిష్పత్తిని తనంతట మార్చే పుల్లీ భాగమైన వేరియేటర్‌ను విప్పించాను. అందులోని ఆరు రోలర్లు ఇంజన్ వేగం పెరిగేకొద్దీ బయటికి జరిగి, పుల్లీ పలకలను దగ్గరకు నొక్కి, బెల్టును అంచువైపు నెడతాయి. అవి ఎంత బరువుంటే అంత తక్కువ ఆర్‌పీఎంలోనే (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) నిష్పత్తి మారుతుంది. మంచు మీద నడిచే స్నోమొబైల్ క్లచ్ బరువులదీ ఇదే సూత్రం. మెకానిక్ బాగా తేలికవి వేద్దామన్నాడు గానీ, అలా చేస్తే ఇంజన్ ఊరికే అరుస్తుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. అందుకే ఒకవైపు అరిగి చదునైన పాతవాటిని తీయించి, ఒక్కొక్కటీ 1 గ్రాము తక్కువ తూగే ఆరింటి సెట్టును వేయించాను. ఇప్పుడు గట్టు మీద ఇంజన్ తన బలమున్న వేగంలోనే నిలుస్తోంది. చదును రోడ్డుపై మాత్రం చప్పుడు కాస్త పెరిగింది.