సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఊచలకు తుప్పు పట్టకుండా అడ్మిక్చర్లు (కాంక్రీటులో కలిపే మందులు) ఎలా వాడాలి?

భీమిలి, ఉప్పాడ, బందరు వైపు వెళ్లి పాత శ్లాబుల కింద నిలబడి పైకి చూడండి. పెచ్చులూడి, ఎర్రగా తుప్పు పట్టిన ఊచలు బయటపడి ఉంటాయి. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇల్లు అలా అయితే చూడలేం. కట్టే రోజున జాగ్రత్తపడితే చాలావరకు తప్పే నష్టమిది.

మంచి కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. దానివల్ల ఊచ మీద కంటికి కనపడని పలుచటి పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడ్ చేరితే ఆ పొరకు చిల్లులు పడతాయి. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది.

1. ముందు మీ చేతులతో ఉప్పు కలపకండి. బోరు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించండి. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఊచలున్న కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదు. సముద్రపు ఇసుక వద్దు. త్వరగా గట్టిపడుతుందని ఎవరైనా కాల్షియం క్లోరైడ్ కలిపిన మందు తెస్తే వెనక్కి పంపేయండి. ఏ డబ్బా కొన్నా 'క్లోరైడ్ లేదు' అని ఉందో లేదో చూడండి.

2. నీళ్లు తగ్గించండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మాలు జారుగా రావాలని మేస్త్రి మరో బకెట్ నీళ్లు పోస్తాడు. ఆ ఎక్కువ నీరు ఆరిపోయాక మిగిలే సన్నని రంధ్రాల్లోంచే ఉప్పు లోపలికి దిగుతుంది. తీరంలో బయటి గాలి తగిలే కట్టడానికి ఎం30 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) కాంక్రీటు, ఘనమీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు ఉండాలి. నీరు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో కలిపి 22.5 లీటర్లే. అంత తక్కువ నీటితో మాలు పారాలంటే సూపర్ ప్లాస్టిసైజర్ కావాలి, అంటే నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే మందు. సిమెంటు బరువులో రెండు శాతం మించకుండా, డబ్బా మీద రాసిన మోతాదులోనే, చివరి నీళ్లతో కలిపి పోయండి. పొడి సిమెంటు మీద నేరుగా పోయొద్దు. ఎం30ని తట్టల లెక్కన కలపడం కుదరదు, డిజైన్ మిక్స్ చేయించాలి, అంటే ఏది ఎంత కలపాలో ముందే లెక్క కట్టించాలి. వీలైతే రెడీమిక్స్ తెప్పించుకోవడం మేలు.

3. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లేదా స్లాగ్ (ఉక్కు కర్మాగారపు చిట్టెం పొడి) ఉన్న సిమెంటు ఎంచుకోండి. ఫ్లైయాష్ ఉన్నదైతే పీపీసీ, స్లాగ్ ఉన్నదైతే పీఎస్‌సీ అని బస్తా మీద ఉంటుంది. ఇవి రంధ్రాలను ఇంకా సన్నబరుస్తాయి. అప్పటికే బూడిద ఉన్న సిమెంటుకు సైటులో మళ్లీ బూడిద కలపొద్దు.

4. ఇప్పుడు తుప్పు నిరోధకం. ఎక్కువగా వాడేది 30 శాతం కాల్షియం నైట్రైట్ ద్రావణం. క్లోరైడ్ కొట్టిన చోట ఊచ మీది పొరను ఇది మళ్లీ కట్టుకునేలా చేస్తుంది. ఎంత ఉప్పు వస్తుందనే అంచనాను బట్టి ఘనమీటరుకు 10 నుంచి 30 లీటర్లు పడుతుంది. డబ్బు కలిసొస్తుందని సగం పోస్తే మాత్రం ప్రమాదం. చాలీచాలని నైట్రైట్ వల్ల పొర అక్కడక్కడా మాత్రమే నిలుస్తుంది, మిగిలిన చోట్ల తుప్పు గుంటలుగా లోతుకు దిగుతుంది. అందుకే మోతాదును ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. ఘనమీటరుకు 10 లీటర్లంటే బస్తాకు దాదాపు లీటరున్నర. ఆ ద్రావణంలోనూ నీరుంటుంది కాబట్టి కలిపే నీటిలోంచి అంతమేర తీసేయాలి.

నైట్రైట్ వల్ల మాలు త్వరగా గట్టిపడుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే శ్లాబు మొదలుపెట్టండి, అవసరమైతే రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు) వాడండి. ఏ రెండు మందులనూ ఒకే బకెట్లో కలపొద్దు, విడివిడిగా పోయాలి. ముందురోజే ఒక చిన్న ట్రయల్ మిక్స్ వేసి చూడండి. నైట్రైట్ కడుపులోకి వెళితే విషం. గ్లౌజులు వేసుకోండి, ఖాళీ డబ్బాలను మంచినీళ్లకు వాడనివ్వకండి.

5. కవరు (ఊచ మీద ఉండే కాంక్రీటు మందం), క్యూరింగ్ (కాంక్రీటును తడిపి ఉంచడం). తీరంలో 45 మిల్లీమీటర్ల కవరు కావాలి. ఊచల కింద రాళ్ల ముక్కలు కాకుండా కవర్ బ్లాకులే పెట్టించండి. వైబ్రేటర్ సరిగా తిరిగేలా దగ్గరుండి చూసుకోండి. పీపీసీ, పీఎస్‌సీ అయితే కనీసం 10 రోజులు, ఎండలు ముదిరితే 14 రోజులు శ్లాబు తడి ఆరకూడదు. ఆ తడపడానికీ ఉప్పునీళ్లు వద్దు, మంచినీళ్లే కట్టండి.