వేరే కంపెనీ చక్రం కొనే ముందు కొలవాల్సినవి

పికప్ బండికి వేరే కంపెనీ పాత చక్రం చవకగా దొరికిందని తెచ్చాక, బోల్టు రంధ్రాలు కుదరకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం పాత సామాన్ల దుకాణాలకు నేను రెండుసార్లు వృథాగా తిరిగాను. ఇప్పుడు కొలతలు రాసుకున్నాకే బయలుదేరుతున్నాను.

ఐదు బోల్టుల చక్రమైతే పక్కపక్కనున్న రెండు రంధ్రాలు చూడండి. ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు వరకు వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పరికరం) కొలవండి. మధ్యబిందువు వెతకనక్కరలేదు. వచ్చినదాన్ని 1.701తో గుణిస్తే, బోల్టు రంధ్రాల మధ్యల గుండా పోయే వలయం వ్యాసం వస్తుంది. చక్రాన్ని ఆ అంకెతోనే పిలుస్తారు, అది మీ బండి చక్రంతో కలవాలి. 67.2 మి.మీ. అయితే 114.3 చక్రం, 82.1 అయితే 139.7 చక్రం. ఆరు బోల్టులైతే గుణకారమే లేదు, ఎదురెదురు రంధ్రాలను అలాగే కొలిస్తే చాలు. మధ్యలోని పెద్ద రంధ్రం మీ హబ్ (చక్రం ఎక్కే ఇరుసు చివరి భాగం) కంటే చిన్నది కాకూడదు.

రంధ్రాలు కలిసినా నట్టు కూర్చునే గుంట వేరుగా ఉండవచ్చు. కొన్నింటిలో ఏటవాలు, కొన్నింటిలో గుండ్రం. నేనైతే గుంటలో సుద్ద పూసి, నట్టు బిగించి విప్పుతాను. సుద్ద చుట్టూ సమానంగా చెరిగితే సరే. ఒక పక్కే చెరిగితే ఆ నట్లతో ఆ చక్రం వద్దు.

జాగ్రత్త: మీ బండి చక్రం కొలతతో 1 మి.మీ. తేడా ఉన్నా బలవంతంగా బిగించకండి, పలాస జీడిగింజల బస్తాల బరువుకు స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) విరిగిపోవచ్చు. అది ఎంత బరువు మోయగలదో రిమ్ముపై రాసి ఉంటే అది కూడా చూడండి. బిగించాక 50 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ ఒకసారి బిగించండి.